సగంలో ఆగిన అప్‌డేట్

మా ఆయన అక్కని, అంటే మా వదినని, వీధిలో అందరూ కీబోర్డు డాక్టరమ్మ అంటారు. ఇరవై రెండేళ్లుగా మెట్ల కింద గదిలో రిపేర్ల పని చేస్తోంది. ఆ గదిలో నిటారుగా నిలబడితే తల తగులుతుంది. పాడైన మ్యూజిక్ కీబోర్డులు, డ్రమ్ము ప్యాడ్లు గోడవారగా నిలబెట్టి ఉంటాయి.

కంప్యూటర్‌కి కలవడం లేదని ఎవరైనా తెస్తే ఆవిడ ముందు అడిగేది వైరు. "ఇది ఫోను ఛార్జింగు వైరు నాయనా. కరెంటు మోస్తుంది గానీ కబురు మోయదు" అని పక్కన పడేస్తుంది. సగం మంది రోగం అక్కడే కుదురుతుంది. మిగతావాళ్లవి విప్పి, యూఎస్‌బీ సాకెట్టు భూతద్దంతో చూస్తుంది. అప్‌డేట్ మాట ఆఖరున. అదీ లోపలి పాటలు బయటికి తీసి దాచాకే. ఎంత బతిమాలినా వినదు.

నా మాటే విన్నది.

మా ఆయన పోయిన నెల రోజులకి ఆయన కీబోర్డు తీసుకెళ్లాను. ఆయన కట్టుకున్న బాణీలు పంతొమ్మిది, అందులో తప్ప ఇంకెక్కడా లేవు. నొక్కితే మోగుతున్నాయి, కంప్యూటర్‌కి మాత్రం రావడం లేదు. ఒక్కొక్కటీ మోగించి రికార్డు చేస్తాను, వారం ఉంచమంది వదిన. వారం పాటు ఇంట్లో ఆ బల్ల ఖాళీగా చూడలేక నేనే ఒప్పుకోలేదు. అప్‌డేట్ చేస్తే కలుస్తుందని ఎవరో అన్నారు, అది చేసెయ్యమన్నాను. ఆవిడ నా మొహం చూసి, చేతికందిన పెన్‌డ్రైవులో అప్‌డేట్ వేసి గుచ్చింది.

అరవై నాలుగు శాతం దగ్గర ఆగిపోయింది. మళ్లీ వెలిగిస్తే తెర మీద ఆ అంకె తప్ప ఇంకేమీ రాలేదు.

మర్నాడు విప్పి చూస్తే సాకెట్టు దగ్గర టంకం పగిలి ఉంది. ఒక్క చుక్క పెడితే సరిపోయేది. అప్‌డేట్‌తో పనే లేదు. కంపెనీకి రాస్తే, సాఫ్ట్‌వేర్ మొదటి నుంచి మళ్లీ ఎక్కించాలి, లోపలివి పోతాయి అని జవాబిచ్చారు. బాణీలుండే చిప్పు వేరేగా ఉందేమో, మిగులుతాయేమో అని వదిన ఐదు నెలలు ముట్టుకోలేదు. చివరికి నేనే ఎక్కించమన్నాను.

ఈసారి నూరు శాతం దాకా వెళ్లింది. వైరు పెట్టగానే కంప్యూటర్ గుర్తుపట్టింది. తెరిస్తే బాణీల జాబితా ఖాళీ.

వదిన వైరు తీసి, తుడిచి, మళ్లీ పెట్టింది. అలా నాలుగుసార్లు.

"ఇంక చాలు వదినా" అన్నాను.

"నా తమ్ముడి బాణీలు నా చేత్తోనే తుడిచేశానే."

"తొందరపెట్టింది నేను."

ఆవిడ వైరు చుట్టి సొరుగులో పెట్టింది.

ఇప్పుడు ఆ గదిలో వైర్లు, సాకెట్లు మాత్రమే చూస్తుంది. అప్‌డేట్ కోసం వచ్చినవాళ్లకి పై వీధిలో ఇంకో షాపు చూపిస్తుంది. ఎందుకమ్మా అని అడిగితే కళ్లు ఆనడం లేదంటుంది. నేను ఆ పక్కనే కూర్చుని స్క్రూలు అందిస్తుంటాను. మా ఇద్దరి మధ్యా ఆ బాణీల మాట రాదు.