కిందున్నోళ్లకే దారి

గద్వాలకు దగ్గర్ల, కృష్ణ ఒడ్డు ఊరు మాది. ముప్ఫై ఏండ్లు పుట్టి నడిపిన. పుట్టి అంటే వెదురుతోని అల్లి, కిందికెల్లి తారు పూసిన గుండ్రటి పడవ. అక్షరాలు నాకు అరువై దాటినంక వచ్చినయి, మా మనుమరాలి పలక మీద. రాతల వంకరలుంటే సర్దుకోండ్రి. తెలకపల్లి దిక్కు విమానంల కెల్లి మనుషులు దుంకుతున్నరని విని, చూడ పోతమని చానామంది నన్ను దారి అడుగుతున్నరు. దారి చెప్త. ఆడ నేను చేసిన పాడుపని గూడ చెప్త. ఒకటి ఇని ఇంకోటి ఇడిసిపెట్టొద్దు.

కుర్మయ్య నా తమ్ముని కొడుకు. ఫౌజుల ప్యారాచూట్ దళంల పదిహేడేండ్లు చేసి వచ్చిండు. తెలకపల్లి దాటినంక ఒక మట్టి రన్‌వే ఉన్నది, ఆడ దుంకుడు నేర్పే క్యాంపుల ఇప్పుడు వాని కొలువు. వాడు అందరి లెక్క దుంకడు. చేతుల కింద, కాళ్ల నడుమ గుడ్డ రెక్కలుండే సూటు తొడుక్కుంటడు. గద్ద లెక్క చానా దూరం తేలిపోయి, ఆఖరుకు గొడుగు ఇప్పుతడు. ప్యారాచూట్‌ను వాళ్లు గొడుగనే అంటరు. “పెద్దనాయినా, ఒక్కపారి వచ్చి చూసిపో” అని ఫోన్ చేసిండు.

శనివారం పొద్దుగాల 5.40కి గద్వాల బస్టాండ్ల వనపర్తి బస్సు ఎక్కిన. ఆడోళ్లకు ఆధార్ చూపిస్తే పైసల్లేవు, నాకు డెబ్బై పడ్డది. నా పక్క సీట్ల ఎంకటమ్మ అనే ఆమె సీతాఫలాల గంప కాళ్ల నడుమ పెట్టుకొని కూసున్నది. రోజూ గిదే బస్సుకు పోయి, వనపర్తిల అమ్ముకొని, సాయంత్రం ఐదు బస్సుకు మర్లుతదట.

“యాడికన్నా, గింత పొద్దుగాల?” అన్నది.

“మా పిలగాడు ఆకాశంల ఎగుర్తడు. చూడ పోతున్న.”

“విమానం నడుపుతడా?”

“విమానంల కెల్లి దుంకుతడు. రెక్కలు తొడుక్కొని.”

ఆమె ముందు సీటాయన భుజం తట్టింది. “ఓ సారూ, ఇన్నవా? అన్న వాళ్ల పిలగానికి రెక్కలొచ్చినయట. గుడ్లు గూడ పెడ్తడేమో అడుగు.”

సగం బస్సు నవ్వింది. నాకు మండింది. “ఫోన్ల పట్టుకొస్త, చూద్దువు” అన్న.

“నల్ల చుక్క చూపిచ్చి మా పిలగాడే అంటె నేను నమ్మ. కాకి గూడ గట్లనే కనవడ్తది. రెక్కలు కనవడాలె. గప్పుడు నా గంపల పెద్ద పండు నీదే.”

తర్వాత జరిగినదానికి మొదలు గీడనే. ఆమె నవ్వులాటకు అన్నది. నేను పరువుకు పట్టుకున్న.

ఏడుంపావుకు వనపర్తి. బస్టాండు బయట ఇడ్లీ తిన్న, పల్లీల చట్నీ మంచిగుండె. 7.40కి గోపాల్‌పేట మీదికెల్లి పోయే నాగర్‌కర్నూల్ బస్సు దొరికింది. తొమ్మిది కాకముందే నాగర్‌కర్నూల్ల దిగిన. కుర్మయ్య బండి తెచ్చిండు. తెలకపల్లి దాక తారు రోడ్డు, ఆడికెల్లి మట్టి బాట. రెండు దిక్కుల పత్తి పలిగి చేన్లు తెల్లగున్నయి.

క్యాంపు గేటు కాడ తెలుగుల పెద్ద బోర్డున్నది. నేను నిలవడి, కూడబలుక్కుంట, అందరికీ ఇనవడేటట్టు పైకే చదివిన. “చెప్పిన దారిని గాలిలో మార్చవద్దు. రెక్కల సూటు వాళ్లు చివర దూకాలి. విప్పిన గొడుగుకు దూరంగా ఉండాలి. కింద ఉన్నవారికే దారి.”

అయిపోయేసరికి ఒక పిల్ల చప్పట్లు కొట్టింది. “తాతా, మస్తు చదివినవు!” అన్నది. పేరు రేణుక. పెద్దమందడి పిల్ల, వనపర్తిల ఒక ఆఫీసుల పనిచేస్తది. దుంకుడు నేర్చుకోబట్టి ఇంకా కొన్ని నెలలే. నేను మీసం దువ్వుకున్న.

కుర్మయ్య కట్టెపుల్లతోని మట్టిల గీత గీసి చెప్పిండు. “గొడుగు ఇప్పినోళ్లు నిదానంగ దిగుతరు, చప్పున పక్కకు మర్లలేరు. మేము రెక్కలోళ్లం అడ్డంగ ఉరికొస్తం. అందుకే వాళ్లు ముందు దుంకి రన్‌వే మీదికే దిగుతరు. మేము ఆఖరుకు దుంకి, ఎడమకు, ఆ గుట్ట దిక్కు పోవాలె. ఆడనే తిరగాలె, ఆడనే గొడుగు ఇప్పాలె. ఎవరెటు పోతరో విమానం ఎక్కకముందే చెప్పుకుంటం.”

“గిది మా నది పద్ధతే కదరా” అన్న. నిజంగనే గదే పద్ధతి. బరువు పుట్టి కిందికి పోతుంటే, మీదికెల్లి వచ్చే ఖాళీ పుట్టి ఆగాలె. ఒకసారి ఒకడు ఉషారుకు నా బరువు పుట్టికి ఆనుకొని పోయిండు. ఆడోళ్లు, మేకలు, వడ్ల మూటలు, అన్ని ఒక పక్కకు ఒరిగినయి. ఒడ్డుకు పోయినంక వాన్ని తెడ్డుతోని కొట్టిన. అసొంటోన్ని నేను.

పదిన్నరకు మొదటి విడత ఎగిరింది. ఐదారుగురు పట్టే చిన్న విమానం. గొడుగులు ఒకటెనుక ఒకటి పూసినయి. కుర్మయ్య ఆఖరుకు దుంకి, చెప్పినట్టే గుట్ట దిక్కు పోయిండు. నా ఫోన్ల దోమంత చుక్క పడ్డది, అంతే. నా చెవులల్ల ఎంకటమ్మ కాకి మాటనే మోగుతున్నది.

పదకొండున్నరకు రెండో విడత. కుర్మయ్య సూటు తొడుక్కుంటుంటే పక్కకు పిలిచిన.

“ఈపారి గుట్ట దిక్కు పోకు. మా మీదికెల్లి రా. రెక్కలు ఫోన్ల కనవడాలె.”

“పద్ధతి కాదు పెద్దనాయినా. గీడ గొడుగులుంటయి. రేణుక కొత్తది, మీదనే ఇప్పుకుంటది.”

“ఒక్కపారే కదరా.”

“క్యాంపు మేడంకు చెప్పిన దారి అది. మార్చొద్దు.”

గప్పుడు నేను అనరాని మాట అన్న. “వరద నాడు నిన్ను భుజాల మీద ఎత్తుకొని పుట్టి ఎక్కిచ్చి బడికి దించిన. ఇన్నేండ్లల్ల నిన్ను ఒక్కటన్న అడిగిన్నా?”

వాడు జిప్పు గుంజుకొని పోయిండు.

విమానం పైకి పోయింది. నేను జనానికి దూరంగ, చేను అంచుకు పోయి ఫోన్ పట్టిన. ముగ్గురు దుంకిండ్రు, మూడు గొడుగులు పూసినయి. అన్నిటికంటె మీద ఉన్న పసుపుపచ్చ గొడుగు రేణుకది. ఆమె ఎనుక కుర్మయ్య వచ్చిండు. ఎడమకు పోయేటోడు కొంచెం దూరం పోయి మా దిక్కు మర్లిండు. పసుపుపచ్చ గొడుగుకు దగ్గర్ల కెల్లి రయ్యిమని పోయిండు. రెక్కలు సాఫ్ కనవడ్డయి. ఆ పిల్ల ఉలికిపడి ఒక దిక్కు తాడు గుంజింది కావచ్చు, గొడుగు గిర్రున తిరిగింది. రెండు మూడు చుట్లు తిరిగి నిలవడ్డది గాని, అప్పటికే గాలి ఆమెను రన్‌వే మీదికెల్లి అవతలికి తోసింది. మర్లి రానీకె ఎత్తు సరిపోలే. పత్తిచేన్ల, రాళ్ల గట్టు మీద పడ్డది.

అందరం ఉరికినం. కాలు మడిమ మీద ఇరిగింది. ఆ పిల్ల పండ్లు బిగవట్టుకొని పత్తి చెట్టును పట్టుకున్నది. జీపుల నాగర్‌కర్నూల్ దవాఖానకు తీస్కపోయిండ్రు.

కుర్మయ్య చానా దూరంల దిగి నడుసుకుంట వచ్చిండు. క్యాంపు నడిపే మేడం, ఫౌజుల చేసి వచ్చిన మనిషే, అందరి ముందట అడిగింది.

“దారి ఎందుకు మార్చినవు?”

“నా తప్పు మేడం.”

“ఎవరన్నా చెప్పిండ్రా?”

“లేదు మేడం.”

ఆమె మా దిక్కు, చూడవచ్చినోళ్ల దిక్కు మర్లింది. “కిందికెల్లి ఎవరన్నా వీడియో తీసిండ్రా?”

ఫోను నా జేబుల ఎచ్చగ తగుల్తున్నది. నేను లేదని తల ఊపిన.

ఒంటిగంటకు జొన్నరొట్టె, పప్పు పెట్టిండ్రు. తిన్న. రాయనీకె సిగ్గయితున్నది గాని, తిన్న.

కుర్మయ్య దవాఖాన కాడ ఉన్నడు. నన్ను ఇంకో పిలగాడు నాగర్‌కర్నూల్ల దించిండు. బస్టాండు ఎదురుంగ లాడ్జిల రూం తీసుకున్న. రోజుకు ఐదొందలు, దుప్పటి ఉతికిందే ఇస్తరు, నీళ్లు పొద్దుగాల ఆరు నుంచి ఎనిమిది దాకనే. పొద్దూకుతుంటే మంచం మీద కూసొని వీడియో పెట్టిన. బొమ్మ చూద్దామని పెట్టిన, గొంతు ఇనవడ్డది. “ఇటు రా, ఇటు రా కుర్మయ్యా! ఆ గొడుగు పక్కకెల్లి రా, మంచిగ కనవడ్తది!” అని ఎవడో ఒర్రుతున్నడు. గొడుగు గిర్రున తిరిగినంక, “బెదిరింది చూడు పిల్ల!” అని నవ్వుతున్నడు. పకపక నవ్వుతున్నడు. నేను నవ్విన్నని నాకే యాది లేదు.

అక్షరం రాని రోజులల్లయితే బోర్డు మీద ఏమున్నదో తెల్వదంటుంటి. పైకి చదివి, చప్పట్లు గూడ కొట్టిచ్చుకుంటి. నదిల ఇదే తప్పుకు మనిషిని కొట్టిన చెయ్యి నాది.

ఆదివారం ఎనిమిదికి దవాఖానకు పోయిన. రేణుక కాలికి పట్టీ కట్టి ఎత్తుల పెట్టిండ్రు. తల్లి పక్కన కూసొని బత్తాయి ఒలుస్తున్నది. మేడం కాయితాలు పట్టుకొని, ఎట్లయిందో రేణుకను అడిగి రాసుకుంటున్నది. కుర్మయ్య తలుపు కాడ నిలవడ్డడు, లోపలికి రాలే.

“తాతా, రా” అన్నది రేణుక.

“మేడం, నిన్న అబద్ధం చెప్పిన” అన్న. “వీడియో ఉన్నది. వాన్ని ఆ దారిల రమ్మన్నది నేను. ఎత్తుకొని పెంచిన లెక్క చెప్పి మెడలు వంచిన.”

ఫోన్ ఇచ్చిన. మేడం పెట్టింది. గది నిండ నా గొంతు. నా నవ్వు వచ్చే జాగకు తల్లి చేతుల బత్తాయి ఆగింది.

“ఏ ఊరు నీది?” అన్నది ఆ తల్లి.

చెప్పిన.

“మీ ఊర్ల గిట్లనే నవ్వుతరా, పిల్ల పడుతుంటే?”

దండం పెట్టవోయిన. “దండాలు వద్దు. చెప్పినవు, అయిపోయింది. పోయి కూసో అవతల” అన్నది.

రేణుక నన్ను చూడలే. తలుపు కాడున్న కుర్మయ్యనే చూస్తున్నది. “అన్నా, నొప్పి కాదు నా బాధ. విమానంల దుంకే ముందట నా మొఖం చూసి, చెయ్యికి చెయ్యి కొట్టి, ‘నేను ఎడమకు పోత, నీ దిక్కు రాను’ అన్నవు. ఆ మాట నమ్మే నేను తలుపుల కెల్లి కాలు బయట పెట్టిన. నువ్వు ఆ దిక్కు ఉన్నవనే ఇటు చూడలే.”

కుర్మయ్య కండ్లు తుడుచుకున్నడు.

“మేడం, శిక్ష నాకెయ్యి. వాని కొలువు తియ్యకు” అన్న.

మేడం మెల్లగనే చెప్పింది. “మీకు ఏం శిక్ష వెయ్యాలె పెద్దాయనా, మీరు ఎగరలేదు. ఎవరు అడిగినా కాదనాల్సింది ఎగిరేటోడే. ఈ సీజన్ల ఆయన రెక్కలు తొడగొద్దు. కింద ఉండి గొడుగులు మడతపెట్టాలె, వచ్చినోళ్లకు నియమాలు చెప్పాలె. మీరు చెప్పకపోయినా ఇదే రాద్దును.” వీడియోను తన ఫోన్లకు పంపుకొని, నా ఫోన్ నాకిచ్చి, “ఈ వీడియో కొత్తోళ్లకు చూపిస్తం. మీ గొంతు తీసెయ్యాల్నా?” అని అడిగింది.

“వద్దు. ఉండనీ” అన్న.

పన్నెండింటికి కుర్మయ్య బస్టాండు దాక నడిచొచ్చిండు. బస్సు వచ్చినంక అన్నడు. “నిన్న మేడం అడిగినప్పుడు నీ దిక్కు చూడలే పెద్దనాయినా. చూస్తే నువ్వు తల దించుకుంటవని తెలుసు. అది చూడబుద్ధి కాలే.”

చెంప మీద కొట్టినా గంత తగలకపోవు.

రెండింటికి వనపర్తిల దిగిన. ఆకలి లేదు, చాయ తాగి బస్టాండు బల్ల మీదనే ఐదు దాక కూసున్న. పోవాలనుకునేటోళ్లు పోండ్రి. పొద్దుగాల బస్సుకు పోతే సాయంత్రానికి మర్లొచ్చు. గొడుగులు పూసుడు చూస్తే కడుపు నిండుతది. బోర్డు చదువుండ్రి, రాకుంటే చదివిచ్చుకోండ్రి. ఎగిరేటోడు సూటు తొడుక్కున్నంక మాత్రం వానితోని మాట్లాడకుండ్రి. పెంచినోళ్లయినా, మొక్కించుకునేటోళ్లయినా సరే.

ఐదు బస్సుల ఎంకటమ్మ ముందే కూసోని ఉన్నది. గంపల మూడు పండ్లే మిగిలినయి. నన్ను చూసి గట్టిగ పిలిచింది.

“ఏమన్నా, రెక్కలు కనవడ్డయా? ఈ పెద్దది నీకోసమే అమ్మలే.”

ఆమె పక్కన కూసొని, బస్సు కృష్ణ మీది బీచుపల్లి వంతెన ఎక్కేదాక కిటికీల కెల్లి చూసిన. కింద నీళ్లు ఎర్రగున్నయి. చూపియ్యకుండ తప్పిచ్చుకోవచ్చు. ఫోన్ పలిగిందంటె నమ్ముతది. తీసి చప్పుడు ఎక్కువ పెట్టి ఆమె చేతికిచ్చిన.

మొదట నోరు తెరిచింది. “అవురా! నిజంగనే రెక్కలు!” అన్నది. ముందు సీట్ల ఒకాయన గూడ మర్లి మెడ చాపిండు. గొడుగు తిరిగింది. నవ్వు ఇనవడ్డది. ఎంకటమ్మ మొఖం మారింది.

“ఆ పిల్లకేమయింది?”

“కాలు ఇరిగింది.”

ఆమె ఇంకొకసారి పెట్టుకొని ఇన్నది.

“మరి ఎవడన్నా, గట్ల నవ్వేటోడు?”

“నేనే” అన్న.

ఆమె ఫోను నా తొడ మీద పెట్టింది. పండును గంపల పెట్టి, మీద గుడ్డ కప్పింది.