ఉత్తరపు తలుపు

హవీస్‌ను ఊళ్ళో అందరూ తలుపావిడ అనేవారు. నార్ఫోక్ సీమ చిత్తడి నేలల అంచున, చెకుముకి రాళ్ళతో కట్టిన గుండ్రటి గంటగోపురం ఉన్న ఆ చిన్న చర్చిని ఊడ్చేది ఆమే, బలిపీఠం గుడ్డలు ఉతికేది ఆమే, కారిన మైనం గీకేదీ ఆమే. ఇంత చాకిరీ ఎవరి కంటికీ ఆనలేదు. వాళ్ళకు గుర్తున్నది ఆ ఒక్క తలుపే.

చర్చికి దక్షిణాన మంచి వాకిలి ఉంది. ఎండ పడుతుంది, పైన చెక్కిన కమాను ఉంది, పెళ్ళికూతుళ్ళైనా శవాలైనా అందులోంచే వస్తారు. దానికి సరిగ్గా ఎదురుగా ఉత్తరపు గోడలో ఇంకొకటి ఉంది. వంగితే తప్ప మనిషి పట్టడు. బయటివైపు పిడి లేదు, గొళ్ళెం లేదు. లోపల గోడలో తొలిచిన బొక్కలోంచి ఓక్ దుంగ ఒకటి జరిపి అడ్డం వేస్తారు. అది మనుషుల కోసం పెట్టిన తలుపు కాదు మరి. జ్ఞానస్నానం వేళ బిడ్డలోని దయ్యం బయటికి పోవాలి, పోవడానికి దారి కావాలి. పాదిరి దాన్ని పొమ్మనగానే దుంగ లాగి తలుపు తియ్యాలి. బిడ్డ ఏడిస్తే పోయినట్టు. వెంటనే మూసెయ్యాలి. ఆ పని హవీస్‌ది.

ఉత్తరం వైపు ఎండ ఉండదు. కట్టినవాళ్ళు ఆ గోడకు కిటికీలు కూడా పిసినారుల్లా జానెడేసి పెట్టారు. ఆ పక్కన ఎవరినీ పాతిపెట్టరు, ఉరేసుకున్నవాళ్ళనూ జ్ఞానస్నానం అందకుండా పోయిన పసివాళ్ళనూ తప్ప. హవీస్ కొడుకు అక్కడే ఉన్నాడు.

పెళ్ళయిన చాన్నాళ్ళకు పుట్టినవాడు. మంత్రసాని గన్నోరా వాణ్ణి తలకిందులుగా పట్టుకుని, వీపు చరిచి, ఊపిరి లేదంది. ఒక్క ఊపిరి తీసి ఉంటే తనే నీళ్ళు చల్లి పేరు పెట్టేది, మంత్రసానికి ఆ మాత్రం హక్కుంది. చచ్చి పుట్టినవాడికి చల్లకూడదు. హవీస్ మాత్రం పిల్లికూనలాంటి చిన్న శబ్దం విన్నానని చివరిదాకా అనేది. మొగుడు వైమండ్ ఊరికి గోతులు తవ్వేవాడు కనక, ఎవరూ చూడకుండా ఆ తలుపు గడపను ఆనించి బిడ్డను పెట్టాడు, గోడ వెచ్చదనమైనా తగులుతుందని. ఉత్తరపు గోడకు వెచ్చదనమేమిటి, పిచ్చి మారాజు! ఆయనా తర్వాత జ్వరంతో పోయాడు. పేరు లేనివాణ్ణి ఏమని పిలుస్తుంది? చిన్నోడా అనేది.

ఏళ్ళ తరబడి ఆమె దుంగ లాగింది, మూసింది. ఒక కోతల విందులో గన్నోరా బీరు నాలుగు గుక్కలు ఎక్కువ తాగి అందరి ముందూ నవ్వుతూ, ఈ ఊరి పిల్లల దయ్యాలన్నీ ఆ గడప దగ్గరే కాపురం పెట్టుంటాయి, మా హవీసే కదా అన్నిటికీ ఇల్లు చూపించింది అంది. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. హవీస్ చేతిలోని రొట్టె అలాగే ఉండిపోయింది. ఎంతమంది పిల్లలకు తీసింది తను? అవన్నీ ఎవరి మీదికి పోయాయి?

అప్పటినుంచి ఆమె గోడ చుట్టూ తిరిగి చూసొచ్చేది. చుట్టూ దురదగొండి నడుమెత్తు పెరిగినా గడప ముందు మాత్రం నేల నున్నగా, రోజూ ఎవరో తొక్కుతున్నట్టు ఉండేది. మంచు కురిసినా అక్కడ నిలిచేది కాదు. ఆమెకు భయం వేసింది, తన కోసం కాదు.

ఆ చలికాలంలోనే మిల్లు నడిపే థర్స్టన్‌కు కొడుకు పుట్టాడు. ఆనవాయితీ ప్రకారం తల్లి ఇంట్లోనే ఉంది. గన్నోరా బిడ్డను ఎత్తుకుని జ్ఞానస్నానం చేయించే రాతి తొట్టి దగ్గర నిలబడింది. పాదిరి హామో దయ్యాన్ని పొమ్మన్నాడు. తలుపు కిర్రుమనాలి. అనలేదు. ఆయన బిడ్డను నీళ్ళలో ముంచి తీశాడు. బిడ్డ ఏడవలేదు. కళ్ళు తెరిచి పైకప్పు దూలాలకేసి చూస్తూ ఉండిపోయాడు. పెదవులు నల్లబడుతున్నాయి.

అందరూ వెనక్కి తిరిగారు. హవీస్ తలుపుకు వీపు ఆనించి, దుంగ మీద రెండు చేతులూ వేసి నిలబడి ఉంది. బిగుసుకుపోయిందా అని పాదిరి అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"తియ్యవే తల్లీ, నీకు దణ్ణం పెడతా," అంది గన్నోరా. "పసిగుడ్డు చల్లబడిపోతన్నాడు. నీ బిడ్డ పోయాడని ఊళ్ళో బిడ్డను చంపుతావా?"

"మీ అందరి దయ్యాల్నీ నా చిన్నోడి మీదికే తోలాను వదినా. వాడొక్కడే ఉన్నాడక్కడ. ఇంకొకదాన్ని పంపలేను."

థర్స్టన్ తలుపు వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఆ క్షణంలో అందరికీ వినబడింది. తలుపు బయటినుంచి ఎవరో తడుతున్నారు. గట్టిగా కాదు. మోకాలి ఎత్తులో, అప్పుడప్పుడే నిలబడడం నేర్చుకున్న పిల్లవాడు అరచేత్తో కొట్టినట్టు. ఆ దెబ్బ చెక్కలోంచి వచ్చి సరిగ్గా హవీస్ మోకాలి వెనక తగిలింది.

పాదిరి శిలువ గుర్తు వేసుకుని, తియ్యొద్దన్నాడు. ఇంతసేపూ తియ్యమన్నట్టు చూసిన మనిషే. మళ్ళీ చప్పుడైంది, ఈసారి తొందరగా, ఆలస్యమైతే విసుక్కునే పిల్లల్లా.

ఆ తట్టడంలో ఏడుపు లేదు. తల్లికి తెలియదా? హవీస్ దుంగ లాగింది.

బయట బూడిదరంగు వెలుతురు, దురదగొండి, నున్నటి నేల. మనిషి జాడ లేదు. చల్లటిదేదో ఆమె పావడా అంచును రాసుకుంటూ గడప దాటింది. వెనక థర్స్టన్ కొడుకు గుక్కపెట్టి ఏడ్చాడు. అప్పుడు గోడ మూలనుంచి నవ్వులు వినబడ్డాయి. ఒక గొంతు కాదు, ఊళ్ళో పిల్లలంత మంది ఉన్నారు. వాటి మధ్య పిల్లికూనలాంటి చిన్న గొంతు ఒకటి.

మూసెయ్యమని పాదిరి అరుస్తూనే ఉన్నాడు. హవీస్ గడప మీద చతికిలబడి, ఇరుగుపొరుగు పిల్లలకు చెప్పినట్టు ఆ నవ్వులకేసి మెల్లగా అంది:

"మావాడు మీ అందరికంటే చిన్నోడు నాయనా. ఏడిపించకండి."