పురుగుమందు పెట్టెలో కంప్యూటర్

ఇవాళ ఫోన్ రిపేరు దుకాణంలో సోల్డరింగ్ పొగ ముక్కుకు తగలగానే చెంప చురుక్కుమంది.

గుర్తుందా దోస్తులూ, పురుగుమందు సీసాలొచ్చే అట్టపెట్టెలు? అలాంటి పెట్టెలోనే అక్కా నేనూ జడ్చర్లలో పాతసామాన్ల దుకాణం నుంచి ఏరుకొచ్చిన బోర్డులతో కంప్యూటర్ తయారుచేశాం. కరెంటు కోసం బోరు స్టార్టర్ నుంచి వైరు లాగాం. అక్కడ ఒక తీగ వదులై బోరు మోటరు కాలిపోయింది; కంకి వేయబోతున్న వరికి నీళ్లు ఆగిపోయాయి.

"పొట్టకొచ్చిన పొలాన్ని సంపిన్రు గదా!"

బాపు ఇద్దరి చెంపలూ వాయించి, గడ్డపారతో కంప్యూటర్‌ను కుళ్లబొడిచాడు. దానికి తగిలించిన పాత డబ్బా మానిటర్ పేలి, గాజుపెంకులు ఆయన పాదంలో దిగాయి. నెత్తుట్లోనే కూలబడ్డాడు.

అక్క, సోల్డరింగ్‌కు వాడే చిన్న పట్టకారు తెచ్చి ఒక పెంకు లాగింది.

"నొస్తాందా బాపూ?"

ఆయన ఆమె చెంప మీది వేళ్ల అచ్చులు చూశాడు.

"నీకు నొస్తలేదా బిడ్డా?"

"ఇంకో పెంకుంది. కదలకు," అంది అక్క.