మాస్టారి కార్బన్ పందెం

మా ఎదురింటి ఫిజిక్సు మాస్టారు పోయిన వారం కన్నుమూశారు. పందెంలో నేను ఓడితే వీధిలో ఎవరికీ చెప్పనని ఆయన ఒకప్పుడు నాకు మాట ఇచ్చారు. ఓడిన సాయంత్రమే మా ఆవిడకు చెప్పారు. అంటే కర్నూలు మొత్తానికీ చెప్పినట్టే. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. కానీ అది మాత్రం మరిచిపోలేదు.

పందెం నక్షత్రాల నడుమ ఉండే చల్లని వాయుమేఘాల గురించి. వాటిలో విద్యుదావేశం లేని ఒంటరి కార్బన్ పరమాణువులు సన్నని రేడియో అలలు పంపుతుంటాయి. కార్బన్‌ను ఆక్సిజన్ నుంచి విడగొట్టే నక్షత్రాల వెలుగు పైపొరనే తాకుతుంది, లోపలి కార్బన్ ఆక్సిజన్‌తో జతకట్టేస్తుంది, కాబట్టి ఒంటరి కార్బన్ అంచునే ఉంటుందని నా వాదం. నాలుగు పుస్తకాలు చదివే అన్నాను. లోపలా ఉంటుందని మాస్టారు.

"మేఘమంటే కలింగర పండు మాదిరి సందు లేని ముద్ద అనుకుంటాండావా అప్పా? ఉగ్గాని అది! బొరుగుకూ బొరుగుకూ మధ్య సందు ఉండాది. ఆ సందుల్లో వెలుగు దూరతాది" అంటూ నా ప్లేటులోని మరమరాల ఉగ్గానిలో వేలు పెట్టారు.

"వేలు తీయండి సార్, తినాల."

"ఇదే వెలుగనుకో" అని ఇంకా లోపలికి పెట్టారు.

కార్బన్ పంపే ఆ రేడియో అలలను గాలిలోని తేమ మింగేస్తుంది. అందుకే ఆయనకు తేమంటే పగ. మిద్దె మీద తేమ కొలిచే సాధనం పెట్టుకుని రోజూ చూసేవారు. ఆయన్ను అడగకుండా మా వీధి ఆడవాళ్లు వడియాలు పెట్టేవారు కారు. ఒక కరువు ఏడాది, కోడుమూరు నుంచి వచ్చిన రైతు ఎదుటే మాస్టారు "ఎంత మంచి ఆకాశమప్పా!" అనేశారు.

"మీ కార్బన్ తినేదానికి వస్తాదా సార్?" అన్నాడా రైతు, చెప్పు కోసం వెతుకుతూ.

నిజానికి మన కరువు ఎండ కూడా ఆ అలలను పట్టే పనికి చాలదు. ఎత్తయిన ఎడారి కొండ కావాలి. అలాంటి కొండ మీది టెలిస్కోపు దగ్గర మాస్టారి మేనల్లుడు పనిచేసేవాడు. అతను పంపిన మొదటి మేఘం పటంలో కార్బన్ లోపలంతా ఉంది. అదే నేను ఓడిన సాయంత్రం.

"ఒక్కటి చూసి తీర్పా? ఇంకోటి చూడాల" అన్నాను.

"చూద్దాం. అంచునే ఉంటే వీధిలో నిలబడి నాదే తప్పంటా. అంతవరకు నీ వాదం బతికే ఉండాదిలే."

ఆ మాటకు ఆయనకు రుణపడ్డాను. ఈ ఊళ్లో ఇంకెవరూ నన్ను వాదించదగ్గ మనిషిగా చూడలేదు.

రెండో పటం మాస్టారి దినం నాడు చూశాను. ఆ మేఘంలో కార్బన్, పంచెకు జరీలా, అంచునే సన్నగా మెరుస్తోంది. నేను గెలిచాను. వీధిలో నిలబడి ఆ మాట అనాల్సిన మనిషి లేడు.

పటం మాస్టారు పోకముందే సిద్ధమైందట. మేనల్లుడు సెలవు పెట్టి వచ్చి, దాన్ని సంచిలోనే ఉంచుకుని, రాయచోటిలో తోడల్లుడి చెల్లెలి పెళ్లి భోజనాలు తింటూ కూర్చున్నాడు. "మామ చేతికే ఇద్దామనుకుంటి" అన్నాడు.

పటం ఎదురింటి అరుగు మీద పరిచే ఉంది. గాలికి ఎగరకుండా అటు కొస నేను పట్టుకున్నాను, ఇటు కొస అతను. మాస్టారిని ఎప్పుడో క్షమించాను. ఆయన ఆ మాట అనకుండానే పోయారే, ఆ తప్పెవరిదని అడిగితే మాత్రం చెబుతాను: ఇటు కొస పట్టుకున్న ఆ మేనల్లుడిదే.