పదకొండు గంటలకు నర్సమ్మ

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. మా అపార్ట్‌మెంట్ సంఘాన్నీ నమ్మను గానీ, అది ఉందని ఒప్పుకోక తప్పదు.

కొండాపూర్‌లో మేం కిరాయికుంటున్న ఫ్లాట్‌లో పదేండ్ల కింద ఓనరు తల్లిని ఎవరో గొంతు నులిమి చంపారు. ఆ సాయంత్రమే పనిమనిషి నర్సమ్మను పోలీసులు తీసుకుపోయారు. రెండేండ్లు జైల్లో ఉన్నాక, చంపింది పెద్దావిడ సొంత మేనల్లుడని తేలింది. విడుదలైన ఆర్నెల్లకు నర్సమ్మ పోయింది. ఆమె మీద అనుమానంతో పెట్టిన రూల్స్ మాత్రం ఆరోగ్యంగా ఉన్నాయి: పనివాళ్లకు వేరే లిఫ్టు, పోయేటప్పుడు సంచి తనిఖీ. తర్వాత యాప్ కూడా వచ్చింది. పనిమనిషి గేటు దాటితే మన ఫోన్‌కు మెసేజ్ వస్తుంది.

మొన్న ఎండాకాలంలో, పొద్దున పదకొండుకు, ఆఫీసు మీటింగులో ఉండగా మెసేజ్: "నర్సమ్మ లోపలికి వచ్చారు."

మా పనిమనిషి పేరు యాదమ్మ. సాఫ్ట్‌వేర్ తప్పనుకున్నాను. అలాంటివి తయారుచేయడానికే జీతం తీసుకుంటాను కనుక ఆశ్చర్యపోలేదు.

సాయంత్రం మా ఆవిడ గొలుసు కనబడలేదు. యాదమ్మ ఆరుకు వచ్చి పదిన్నరకే వెళ్లినట్టు యాప్‌లో ఉంది. సంఘం సెక్రటరీ పదకొండు గంటల మెసేజ్ చూసి, యాదమ్మను పిలిపించి అక్కడే తీర్పిచ్చేశాడు: దొంగ పేరుతో యాదమ్మే ఎవరినో పంపింది.

"సచ్చినామె పేరు జెప్పి ఎవర్ని పంపుత సారూ?" అని యాదమ్మ నావైపు తిరిగింది. "నాలుగేండ్ల సంది మీ ఇంట్ల జేస్తున్న. మీరన్న జెప్పుండ్రి."

"చూద్దాం" అన్నాను. చదువుకున్నవాళ్లం, ఆ మాట బాగా వచ్చు.

కెమెరాలో చూస్తే పదకొండుకు గేటు దగ్గర ఎవరూ లేరు. గేటు మాత్రం తెరుచుకుని, ఒక మనిషి నడిచేంతసేపు ఆగి, మూసుకుంది. సెక్రటరీ కెమెరాను కూడా నమ్మలేదు. పోలీసులకు చెప్పకపోవడం మా మంచితనమని గుర్తుచేసి, యాదమ్మకు గేటు మూయించాడు. మా టవర్‌లో ఆమెకున్న ఆరిళ్ల పనీ ఒక్కరోజులో పోయింది.

మూడోరోజు గొలుసు మా ఆవిడ సూట్‌కేసు జేబులో దొరికింది.

యాదమ్మ ఇంటికి వెళ్లాను. మళ్లీ రమ్మన్నాను. గుమ్మంలోనే నిలబెట్టింది. "దొరికిందా? సంబురం. ఈసారి ఏమన్న పోతే ఎవల పేరు జెప్తరో, నాకు ఫికరుంటది. నేను రాను సారూ."

యాప్ కంపెనీకి రాశాను. నర్సమ్మ అనే పేరు తమ దగ్గర ఎప్పుడూ నమోదు కాలేదని జవాబిచ్చారు. నిజమే, ఆ యాప్ పెట్టిందే ఆమె పోయిన చాలా ఏండ్లకు. మరి ఆ రోజు లోపలికి వచ్చిందెవరో, ఎందుకొచ్చారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. యాదమ్మను బయటికి పంపిందెవరో మాత్రం తెలుసు.