మా నాయన పేరు మీద పోసిన పాలు

వంశం వివరాలు వెతకాలనుకునేవాళ్ళు ముందు ఇంట్లో పెద్దవాళ్ళను అడగాలని అందరూ చెబుతారు. నేనూ అక్కడే మొదలుపెట్టాను. మా ఇంట్లో పెద్దవాడు నాయన ఒక్కడే. ఆయన మార్కాపురం పలకల గనిలో రాయి చీల్చేవాడు. నేను అడిగినప్పుడల్లా గోడవైపు తిరిగి దగ్గేవాడు. అది నిజమైన దగ్గే. కానీ నా ప్రశ్నకు జవాబుగా కూడా పనికొచ్చేది.

అమ్మ మిషన్ అనాథశాలలో పెరిగిన మనిషి. అటువైపు వెతకడానికి ఏమీ లేదు. నాకు ఊహ తెలియకముందే ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయింది.

అసలు నాకీ ధ్యాస పుట్టింది మిషన్ బడిలో. ఆదివారం పాఠంలో మాచేత పరిశుద్ధ గ్రంథంలోని వంశావళులు కంఠతా పట్టించేవారు. ఎవరు ఎవరిని కన్నారో, ఆ కొడుకు మళ్ళీ ఎవరిని కన్నాడో ఎక్కడా తడబడకుండా అప్పజెప్పేదాన్ని. పాఠం చెప్పే దొరసాని మెచ్చుకుని ఒక రంగుబొమ్మ ఇచ్చింది. ఆ సాయంత్రం నాయన తెచ్చిన పలక మీద మా వంశం రాయడానికి కూర్చున్నాను. అడుగున నా పేరు రాశాను. దాని పైన నాయన పేరు రాశాను. ఆ పైన రాయడానికి ఏమీ లేదు. ఎన్నడూ చూడని దేశపు రాజుల తాతముత్తాతలు నా నాలుక మీద ఉన్నారు. మా తాత పేరు మాత్రం నాకు తెలియదు. నాయన పేరని నేను రాసింది కూడా బాప్తిస్మంలో పెట్టిన పేరే. అంతకుముందు ఆయనకు ఇంకో పేరు ఉండి ఉంటుందని అప్పటికి నాకు తట్టనే లేదు.

పెద్దదాన్నయ్యాక సంఘం అయ్యగారిని అడిగాను. నాయనకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే.

"పాత మనిషి చనిపోయాడు కదమ్మా. నీళ్ళలో మునిగి లేచినవాడే మీ నాయన. ఆ వెనకటి సంగతి మనకెందుకు?" అన్నారు.

"గ్రంథంలో వంశావళులు ఎందుకున్నాయండి మరి?"

"అది వేరు," అన్నారు.

చివరికి నాయనే నోరు విప్పాడు. అప్పటికి మంచం పట్టాడు. గనిలో పీల్చిన రాతిపొడి ఊపిరితిత్తుల్ని తినేసింది.

"మాది పెద్దారవీడు పక్కన పల్లె. గొర్రెలోళ్ళం," అన్నాడు. "కోతలైనాక వంశం చెప్పేవాళ్ళు మా మంద కాడికి వస్తారు. నువ్వు పోయి కూర్చో. నా పేరు వస్తదో లేదో విను. ఇంకేం అడగొద్దు."

"ఏ పేరు నాయనా?"

తన పాత పేరు చెప్పాడు. సిగ్గుపడుతూ, పరాయివాడి పేరు చెప్పినట్టు చెప్పాడు.

"వస్తే ఏంది?"

"వస్తే నేనింకా ఆ ఇంటోణ్ణే."

ఆయనకు కావలసింది అంతే. ఇన్నేళ్ళ ప్రార్థనల్లో ఒక్కసారి కూడా పైకి అడగనిది అదొక్కటే.

నాయన చెప్పిన గుర్తులతో ఆయన తమ్ముణ్ణి, మా చిన్నాయనను, మార్కాపురం సంతలో పట్టుకున్నాను. గొర్రెలు అమ్మడానికి వచ్చాడు.

"ఎవురు పాపా నువ్వు?"

చెప్పాను. సంఘంలో సువార్త పని చేస్తానని కూడా చెప్పాను. ఆయన గొర్రె మెడ మీది చెయ్యి తియ్యలేదు. నన్ను చాలాసేపు చూశాడు.

"మా అమ్మ ముక్కు నీది. ఆ ముక్కుతోనే సువార్త చెప్తావా?"

"పాటలు కూడా పాడతాను చిన్నాయనా."

"అయితే మా మంద బెదురుతాది." నవ్వలేదు. "పున్నమి పోయినాక రా. దూరంగా కూర్చో. వినేదానికి ఎవురూ అడ్డం చెప్పరు."

అన్న ఎట్లా ఉన్నాడని అడగలేదు. మొహమాటమేమో అనుకున్నాను.

పున్నమి మర్నాడు పొద్దున్నే మంద దొడ్డి పక్కన చాప పరిచారు. వంశం చెప్పే ముసలాయన కూర్చుని తన ముందు పైపంచె పరిచాడు. చిన్నమ్మ చేతిలో పాలచెంబు ఉంది. పద్ధతి ఆమే చెప్పింది. బతికున్న మనిషి పేరు వస్తే అతని బిడ్డలు లేచి పైపంచెలో దోసెడు కొర్రలు పోస్తారు. పోయిన మనిషి పేరు వస్తే ఇంటి కోడలు నేల మీద ఇన్ని పాలు వదులుతుంది. నాకది నచ్చింది. అన్యుల ఆచారమని తెలిసినా నచ్చింది. కొర్రల సంగతి వరకు నాయన ముందే చెప్పి ఉండడంతో మార్కాపురంలో కొర్రలు కొని కొంగున కట్టుకుని వెళ్ళాను. సాక్ష్యం చెప్పడానికి సంఘం ముందు లేచినట్టే లేవాలని ప్రార్థన కూడా చేసుకున్నాను.

ముసలాయన ఎత్తుకున్నాడు. నేను కంఠతా పట్టిన వంశావళి మాదిరిగానే ఉంది. ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడు, మంద ఎక్కడ మేపాడు, ఏ కరువులో ఎటు తోలుకుపోయాడు. పాలచుక్కలు పడుతున్నాయి. మా తాత పేరు అప్పుడే మొదటిసారి విన్నాను. ఆయనకు ఇద్దరు కొడుకులన్నాడు. పెద్దకొడుకుగా మా నాయన పాత పేరు చెప్పాడు.

నేను కొంగు విప్పి దోసిట్లో కొర్రలు పోసుకుని లేచాను.

ముసలాయన గొంతు ఆగలేదు. "గడ్డం మొలవకముందే పోయినాడు. పెండ్లి లేదు. బిడ్డలు లేరు."

చిన్నమ్మ వంగి పాలు వదిలింది.

అందరూ నన్ను చూశారు. "ఆ పాప ఎందుకు లేచింది?" అని ఎవరో అడిగారు.

"కిరస్తానీ పాప. తెలీక లేచినాది," అని ఇంకెవరో అన్నారు.

"కూర్చో పాపా," అన్నాడు చిన్నాయన, మెల్లగా.

కూర్చున్నాను. బిడ్డలు లేనివాడి బిడ్డను. తర్వాత చిన్నాయన పేరు వచ్చింది. ఆయన కొడుకులు ఒకరినొకరు తోసుకుంటూ లేచి కొర్రలు పోశారు.

అంతా అయ్యాక ముసలాయన దగ్గరకు వెళ్ళాను. "పెద్దాయనా, ఆయన బతికే ఉన్నాడు. మార్చి చెప్పకూడదా?"

"ఇంటోళ్ళు చెప్పమన్నట్ల చెప్తామమ్మా. మీ నాయన మతంలో కలిసినాడని ఇంట్లో దినం చేసినారు. తలలు గొరిగించుకున్నారు. పాలు పోసిన పేరుకు మళ్ళీ గింజలు పోసేది లేదు."

"అట్ల చెప్పమన్నది ఎవరు?"

"మీ అవ్వ. పోయేదాకా ఏడ్చుకుంటానే పాలు పోసింది."

ఇంటికి వచ్చి నాయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన దగ్గుతూ నవ్వాడు.

"నాకు పెండ్లి కూడా చెయ్యలేదా?"

అవ్వ సంగతి చెప్పేసరికి నవ్వు ఆగిపోయింది. గోడవైపు తిరిగాడు. అటు తిరిగే అన్నాడు. "మతంలో కలిసినాడంటే తిట్టాల. చచ్చినాడంటే ఏడవొచ్చు. మా అమ్మ ఏడ్చేదానికి దోవ చూసుకున్నాది." మళ్ళీ ఇటు తిరిగి, "ఆ కొర్రలు వండు. నా దినం కూడు నేను తినకుంటే ఎవురు తింటారు?" అన్నాడు.

వండాను. రెండు ముద్దలు తిని పళ్ళెం నెట్టేశాడు.

నేను విశ్వాసం వదల్లేదు. వదలను. కానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా నాయనను బతికుండగానే రెండు వైపులా పాతిపెట్టారు. అక్కడ పాలతో, ఇక్కడ నీళ్ళతో. రెండు వైపులవాళ్ళూ ప్రేమతోనే చేశారు. ఆ ఇంటి వంశంలో ఆయన కొమ్మ తెగిపోయింది. మా వంశం ఆయన దగ్గరే మొదలైంది. ఆ రెంటి మధ్య ఆయన ఒక్కడే పడుకుని దగ్గాడు. పునరుత్థాన దినాన ప్రభువు ఆయన్ను ఏ పేరు పెట్టి పిలుస్తాడో నాకు తెలియదు. ఏ పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడో అంతకన్నా తెలియదు.

వానలు మొదలయ్యే ముందు నాయన పోయాడు. సమాధి రాయి మీద రెండు పేర్లూ చెక్కిద్దామన్నాను. ఒకటి చాలన్నారు అయ్యగారు. చిన్నాయనకు కబురు పంపాను. భూస్థాపనకు ఆ ఇంటి నుంచి ఎవరూ రాలేదు. తర్వాతి సంతలో ఆయనే కనబడ్డాడు.

"కబురు అందలేదా చిన్నాయనా?"

"అందినాది పాపా." కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఒక మనిషికి రెండుసార్లు తల గొరిగించుకోరు కదా. మా మైల ఎప్పుడో తీరిపోయింది."

మైల ఉన్నవాళ్ళు బేరాలు చెయ్యరు. ఆయన మధ్యాహ్నం దాకా సంతలోనే ఉండి, తెచ్చిన గొర్రెలన్నీ అమ్ముకుని వెళ్ళాడు.