ట్యూబు మీద వేరుశనగ గింజలు

పోయిన వారం బండి టైరులో గాలి దిగిపోయి ధర్మవరం రోడ్డు మీద ఒక పంక్చరు షాపు ముందు కూర్చున్నాను. షాపతను ట్యూబును నీళ్లలో ముంచి, బుడగలు వచ్చిన చోట గీకి, సొల్యూషను పూశాడు. ఆ ఘాటు వాసన తగలగానే తల దించుకున్నాను. ఆ వాసనతో నాకు హనుమంతరాయప్ప సారు గుర్తొస్తారు, ఆయనతోపాటు నేను చేసిన తప్పూ గుర్తొస్తుంది.

తొంభైల చివర్లో బత్తలపల్లె దగ్గర ఒక చిన్న జూనియర్ కాలేజీలో మేమిద్దరం ఫిజిక్స్ చెప్పేవాళ్లం. సారుది మడకశిర వైపు పల్లె. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ విరిగిన సుద్దముక్కలు ఉండేవి. నేను ఎమ్మెస్సీ చేసి కొత్తగా చేరినవాణ్ణి. పిల్లల్ని నవ్వించడమే పాఠం చెప్పడమనుకునేవాణ్ణి. సారు క్లాసులో ఎవరూ నవ్వరని వెనకాల ఎగతాళి కూడా చేసేవాణ్ణి.

ఒకరోజు నా క్లాసులో నాగరత్న అనే అమ్మాయి లేచింది. "సార్, నక్షత్రాల గుంపులన్నీ మన నుంచి దూరంగా పోతాండాయని పేపర్లో ఏసినారు. అంటే మనం నడిమధ్యలో ఉండామా?"

మంచి ప్రశ్న. సిలబస్‌లో లేనిది, నాకు సరిగా తెలియనిది. తెలియదని చెప్పడం నాకు చేతకాలేదు. ఆ ఏడాది వానల్లేవు. ఊరూరా ఎండిన బావుల్ని లోతు చేయడానికి అడుగు రాయిలో మందు పెట్టి పేలుస్తున్నారు. నోటికి అదే వచ్చింది. "బావిలో మందు పేలితే రాళ్లు ఎట్లా ఎగురుతాయో చూసినారు కదా? విశ్వమూ అట్లే పేలింది. గట్టిగా ఎగిరిన ముక్కలు దూరం పోయినాయి" అంటూ, వత్తి అంటించి పరిగెత్తేవాడిలా నటించి బల్ల చాటున నక్కాను. క్లాసంతా నవ్వింది. నాగరత్న మెల్లగా కూర్చుంది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

నాలుగో రోజు స్టాఫ్ రూములో రాయప్ప సారు నా పక్కన కుర్చీ లాక్కున్నారు. "ఏమప్పా, ఆ పాప నాయన ఎట్ల పోయినాడో తెలుసునా నీకు?"

"తెలీదు సార్."

"తనకల్లు తట్టు బావి పనికి పోయినాడు. మందు పేలినప్పుడు ఒక రాయి ఈడ తగిలింది." సారు తన కణత మీద వేలు పెట్టుకున్నారు. "రెండేండ్లాయ. ఇప్పుడా పాప కాలేజీకి రానంటాదంట. వాళ్లమ్మ మగ్గం పనికి పంపిస్తానంటాది."

"నాకేం తెలుసు సార్? ఉదాహరణ ఉదాహరణే కదా."

"ఆ ఉదాహరణ కూడా తప్పే కదప్పా."

నిజం చెప్పాలి. ఆ అమ్మాయి తండ్రి చావు కంటే ఆ చివరి మాటే నన్ను ఎక్కువ గుచ్చింది.

సారు సంచిలోంచి కత్తిరించిన సైకిలు ట్యూబు పట్టీ తీశారు. దాని మీద అంగుళానికొకటి చొప్పున నాలుగు వేరుశనగ గింజలు సొల్యూషనుతో అంటించి ఉన్నాయి. నన్ను ఒక కొస పట్టుకోమని, పట్టీ రెండింతలయ్యేదాకా లాగారు. మొదటి గింజ నుంచి చూస్తే పక్క గింజ ఒక అంగుళం జరిగింది, చివరిది మూడు అంగుళాలు జరిగింది.

"బావిలో పేలితే ఈడ పేలిందని చూపించొచ్చు. రాయి ఉన్న చోటు ఇడిసి, ఖాళీ జాగాలో ఎగిరి, ఇంగో చోట పడతాది. ఈ గింజల్లో ఏదన్నా తన చోటు ఇడిసిందా? లేదు. నడిమి జాగానే పెరిగింది. ఏ గింజ మీద నిలబడినా తక్కినవే దూరమైతాండాయి అనిపిస్తాది. నడిమధ్య అనేదే లేదు."

కిటికీ అంచున పోతున్న గండుచీమను తెచ్చి పట్టీ మీద వదిలారు. "ఇదీ నడకంటే. నక్షత్రాల గుంపులకూ నడకుండాది. మన పక్కనుండే పెద్ద గుంపు ఒకటి మన తట్టే వస్తాండాది. దగ్గరివి ఒకదాన్నొకటి లాక్కుంటాయి, ఆడ నడక గెలుస్తాది. శానా దూరం పోతే ఈ సాగుడే గెలుస్తాది." పట్టీ వదిలేసి మళ్లీ అన్నారు: "ఈ రబ్బరుకు కొసలుండాయి, లాగేకి మన చేతులుండాయి. ఆడ కొసలూ లేవు, చేతులూ లేవు. ఈ పోలిక ఇంతవరకే. యాడ ఆగాలో తెలియకుండా పోలిక చెప్పకూడదు. రెండు తప్పులు చేసినావు. ఒకటి బోర్డు మీద దిద్దుకో. రెండోదానికి ఆదివారం వాళ్లింటికి పోదాం, నేనూ వస్తా."

సరేనన్నాను. ఆదివారం బస్టాండుకు వెళ్లలేదు. గదిలో తలుపేసుకొని పడుకున్నాను. ఒక విద్యార్థిని ముందు, వాళ్లమ్మ ముందు తల వంచడం నాకు చిన్నతనమనిపించింది. సారు ఒక్కరే వెళ్లారు.

సోమవారం నాగరత్న వచ్చింది. సారు నన్నేమీ అడగకుండా ట్యూబు పట్టీ నా చేతికిచ్చి, చివరి బెంచీలో కూర్చున్నారు. మొన్న చెప్పింది తప్పని చెప్పి, పాఠం మళ్లీ చెప్పాను. అంతా విన్నాక నాగరత్న అడిగింది: "అయితే సార్, దేన్నీ ఎవురూ ఎగరేయలేదా?"

"లేదు. అది పేలుడు కాదు."

ఆ అమ్మాయి నోట్సులో రాసుకుంది. మిగిలిన మాట అనడానికి అంతకన్నా మంచి అదను లేదు. నేను బోర్డు తుడవడానికి తిరిగాను.

"ఒకటి అయిపాయ" అన్నారు సారు వరండాలో. మళ్లీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. నాగరత్న ఇంటరు పాసయ్యేదాకా రోజూ నా ఎదుటే కూర్చుంది, తర్వాత నర్సింగు చదవడానికి వెళ్లిపోయింది. తప్పు చేశానన్న ఆ రెండో మాట నేను చెప్పలేదు. సారు రిటైరై సొంత ఊరు చేరారు.

ఆ సంగతి జరిగిన ఎనిమిదేళ్లకు, సారు పోయారని మడకశిర నుంచి కబురొచ్చిన నెలలో, నాగరత్న వాళ్ల ఊరికి వెళ్లాను. వాళ్లమ్మ అరుగు మీద చింతపండులో గింజలు తీస్తోంది. నేనెవరో చెప్పి, "ఆ పొద్దు క్లాసులో" అని మొదలుపెట్టేలోగా ఆవిడే అంది:

"తెలుసులే సార్. రాయప్ప సారు అప్పుడే వచ్చి చెప్పలేదా? ఆ అయ్యవారు శానా బాధపడతాండాడమ్మా, మొకం చెల్లక రాలేదు, తప్పైపోయిందని చెప్పమన్యాడు, అనె. అందుకే పాపను మళ్లా పంపిస్తి."

నేను చెప్పమనలేదు. ఆ ఆదివారం బాధపడనూ లేదు. ఆ మాటే ఆవిడతో అన్నాను. "అది సారు మాటమ్మా. నా మాట ఇప్పుడు చెప్తున్నా. తప్పు చేసినాను."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఇన్నేండ్లకా?"

"ఇన్నేళ్లకే."

"నాకు చెప్తే ఏం లాభం? పాపకు చెప్పు. నంబరిస్తా, రాసుకో."

బస్సెక్కక ముందే ఫోన్ చేశాను. నాగరత్న ఆస్పత్రి డ్యూటీలో ఉంది. చెప్పాల్సిందంతా చెప్పాను. "ఆ ట్యూబు పాఠం బాగా చెప్పినారు సార్" అంది. తక్కినదానికి జవాబివ్వలేదు. అడిగే హక్కు నాకు లేదు.

ఇప్పుడు ఏ పోలికైనా నోటిదాకా వస్తే ముందు బెంచీల వైపు చూస్తాను. ఎవరి ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. తెలియదని పైకి చెప్పడం మాత్రం నేర్చుకున్నాను. ఒక పోలిక ఎక్కడిదాకా నిజమో అక్కడ గీత గీసే మనిషి, ఒక అమ్మాయి చదువు నిలబెట్టడానికి నా పేరు మీద అబద్ధమాడారు. దాన్ని నిజం చేయడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. పూర్తిగా నిజం చేశానని ఇప్పటికీ అనుకోను.